గోడ దిగినా గడప దాటని ఐదు తీగల బేస్: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

విజయవాడలో గిటార్లు, బేస్‌లు (కింది స్వరాలు పలికే బేస్ గిటార్లు) బాగుచేయడం నా పని. తీగలు మారుస్తాను, మెడ వంపు సరిచేస్తాను, మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలను, అంటే ఫ్రెట్లను, నునుపు చేస్తాను, లోపలి వైర్లు అతుకుతాను. అంతకుముందు కొన్నేళ్ళు ఆర్కెస్ట్రాలలో బేస్ వాయించాను. ఈ కేసు నగరంలోని ఒక వాయిద్యాల దుకాణానిది. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. బేస్ తయారుచేసిన కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే లోపాలు ఏ ఒక్క కంపెనీ సొత్తూ కావు. ఆ ధరలో వచ్చే బేస్‌లను వరసగా పరీక్షిస్తే వీటిలో రెండు మూడు ఎక్కడైనా తగులుతాయి.

మన దగ్గర బేస్ గిటార్ ఎవరు కొంటారో ముందు చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత తీసుకున్న నిర్ణయాలు అర్థం కావు. మొదటి వరుసలో ఉండేవి చర్చిల ఆరాధన బృందాలు. గుంటూరు, తెనాలి, మంగళగిరి, విజయవాడలలో వారం వారం బేస్ మోగేది ఎక్కువగా అక్కడే. డిసెంబరులో సెమీ క్రిస్మస్ కార్యక్రమాలు మొదలైతే మంచి వాయిద్యకారుడికి ఇంట్లో అన్నం తినే తీరిక ఉండదు. తర్వాత పెళ్ళిళ్ళకూ నవమి పందిళ్ళకూ వెళ్ళే ఆర్కెస్ట్రాలు, వాటి వెనక కాలేజీ పిల్లలు. ఈ ముగ్గురి దగ్గరా బేస్‌కు ఒక పోటీదారు ఉన్నాడు. అది కీబోర్డు వాయించేవాడి ఎడమ చెయ్యి. తబలా లేకపోతే లోటు అందరికీ తెలుస్తుంది. బేస్ గిటార్ లేకపోతే మాత్రం కీబోర్డులోనే బేస్ శబ్దం పెట్టుకుని ఎడమ చేత్తో నెట్టుకొస్తారు, వినేవాళ్ళలో చాలామంది గమనించరు కూడా. కాబట్టి బేస్ కొనేవాడికి మానుకునే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. గిటారిస్టు సర్దుకుపోయే చిన్న చికాకు కూడా బేస్ దగ్గరకు వచ్చేసరికి అమ్మకాన్ని ఆపేస్తుంది. ఈ పని చేసినంతసేపూ నేను మనసులో పెట్టుకున్నది ఇదే.

సమస్య

ఐదు తీగల బేస్ ఒకటి ఆ దుకాణం గోడకు ఏడాదికి పైగా వేలాడుతోంది. చూడడానికి ముచ్చటైనది. పైన చారలు తేలిన మేపుల్ పొర, నల్లని బ్రిడ్జి, నల్లని ట్యూనింగ్ కీలు, 24 ఫ్రెట్లు, తీగల కదలికను పట్టుకునే రెండు హంబకర్ పికప్‌లు, ఆ సంకేతాన్ని పెంచే, 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్, ఐదు నాబ్‌లు. స్కేలు, అంటే మెడ పైకొసన తీగలు ఆనే నట్ నుంచి ఒంటి మీద తీగలు ఆనే బ్రిడ్జి దాకా తీగ మోగే పొడవు, 34 అంగుళాలు. తూకం వేస్తే 4.8 కిలోలు వచ్చింది.

"మాస్టారూ, దీన్ని దింపమని అడగనివాడు లేడు, పట్టుకుపోయేవాడూ లేడు. రేటు రెండుసార్లు తగ్గించాను. ఇంకా తగ్గిస్తే పెట్టిన డబ్బు కూడా రాదు," అన్నారు యజమాని. కొత్త తీగలు వేసి, సెటప్ చేసి (మెడ వంపు, తీగల ఎత్తు, స్వరస్థానాలు కుదిర్చి), తళతళలాడేలా తుడిచి ఇమ్మన్నారు. తిరిగి ఇచ్చేటప్పుడు వాళ్ళు ఏమంటున్నారని అడిగాను. ధర ఎక్కువంటున్నారు, రంగు మరీ మెరుస్తోందంటున్నారు, కంపెనీ పేరు ఎప్పుడూ వినలేదంటున్నారు, మళ్ళీ వస్తామంటున్నారు. ఇవీ ఆయన చెప్పినవి.

వీటిలో ఏదీ నాకు నమ్మకం కలిగించలేదు. ధర చీటీ బేస్‌కే కట్టి ఉంది. రంగు వీధిలోంచి కూడా కనిపిస్తుంది. కంపెనీ పేరు బేస్ తల మీద, అంటే మెడ చివర ట్యూనింగ్ కీలు ఉండే చోట, పెద్ద అక్షరాలతో ఉంది. ఇవి అడ్డమైతే దింపమని అడగనే అడగరు. అడిగి, చేతిలోకి తీసుకుని, కాసేపు వాయించి, ఆ తర్వాతే వద్దనుకుంటున్నారంటే కారణం ఆ కాసేపట్లోనే ఎక్కడో పుడుతోంది. పైకి చెప్పే కారణం వేరు.

అందుకే ఆయన అడిగిన సెటప్ వెంటనే మొదలుపెట్టలేదు. ముందే అన్నీ సరిచేసి పెడితే అది అమ్ముడుపోవచ్చు, కానీ ఎందుకు పోలేదో తెలియదు, వచ్చే సరుకులో అలాంటిదే మరొకటి దిగుతుంది. మరమ్మతులు నా దుకాణంలో కాకుండా వారాంతాల్లో ఆయన కౌంటరు వెనక కూర్చుని చేసుకుంటాననీ, బేస్ అడిగినవాళ్ళ చేతులు చూస్తాననీ చెప్పాను. ఆయనకు అంతగా నచ్చలేదు. ఉచితంగా కూర్చుంటానన్నాక ఒప్పుకున్నారు.

చేతులు చెప్పినవి

దాదాపు అందరిలోనూ ఒకే వరస కనిపించింది. బేస్ మెడలో వేసుకున్న క్షణంలోనే తల నేల వైపు దిగుతుంది. ఎడమ చెయ్యి తీగలు నొక్కడానికి బదులు మెడను మోయడం మొదలుపెడుతుంది. కాసేపటికి మణికట్టు విదిలించుకుంటారు. ఆ విదిలింపు తర్వాత ఆ బేస్‌ను మళ్ళీ ఇష్టంగా పట్టుకున్నవాణ్ణి నేను చూడలేదు.

కుడి చేతిది వేరే కథ. నాలుగు తీగల బేస్ అలవాటైనవాడికి అన్నిటికన్నా పైన ఉండేది ‘ఈ’ (E) తీగ. ఇక్కడ దాని పైన ‘బి’ (B) తీగ ఉంది. పాట మొదలుపెడితే ఒక తీగ పక్కకు జరిగి తప్పు స్వరం పలుకుతుంది. రెండోసారీ అంతే. ఐదు తీగల బేస్ అలవాటు ఉన్నవాడు బొటనవేలిని బి తీగ మీద ఆనించి, అది అనవసరంగా మోగకుండా అణచిపెడతాడు. అలవాటు లేనివాడికి ఆ తీగ వెనక ఎప్పుడూ మూలుగుతూనే ఉంటుంది. పైగా ఈ బేస్‌లో బ్రిడ్జి దగ్గర తీగకూ తీగకూ మధ్య దూరం 17 మిల్లీమీటర్లే. నాలుగు తీగల ఫెండర్ తరహా బేస్‌లలో అది 19 దాకా ఉంటుంది. రెండు మిల్లీమీటర్లు కాగితం మీద ఏమీ కాదు. వేళ్ళు మాత్రం ఇరుక్కుంటాయి.

మెడ వెనక భాగం అద్దంలా మెరిసే వార్నిష్. బయట ఎండలో స్కూటరు మీద వచ్చినవాడి అరచెయ్యి దాని మీద జారదు, అంటుకుంటుంది. మొదటి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కడానికి బలం కావాలి, నొక్కితే శ్రుతి కాస్త పైకి పోతుంది. ట్యూనరు చూసేవాళ్ళు దాన్ని వెంటనే పట్టుకున్నారు. చూడనివాళ్ళు మొహం చిట్లించారు, ఎందుకో వాళ్ళకే తెలియదు.

ఇక నాబ్‌లు. వాల్యూమ్, రెండు పికప్‌లనూ కలిపే బ్లెండ్, కింది, మధ్య, పై స్వరాలను పెంచి తగ్గించే బేస్, మిడ్, ట్రెబుల్. వచ్చిన ప్రతివాడూ ఐదూ తిప్పుతాడు, తిప్పిన చోటే వదిలేస్తాడు. తర్వాత వచ్చినవాడికి మిడ్ పూర్తిగా తగ్గి, ట్రెబుల్ పూర్తిగా పెరిగిన బేస్ చేతికి వస్తుంది. అదే దాని స్వభావమనుకుంటాడు.

చెప్పిన మాటలకూ చేతులకూ ఎంత దూరమో స్నేహితులతో వచ్చిన ఒక కుర్రవాడి దగ్గర బాగా తెలిసింది. తీగలు తడబడ్డాయి, చెవులు ఎర్రబడ్డాయి, "రంగు బాగోలేదు" అని ఇచ్చేశాడు. అదే రంగును లోపలికి వస్తూ మెచ్చుకున్నవాడు. నలుగురి ముందు నా చెయ్యి తిరగలేదని ఎవరు చెప్పుకుంటారు? ఒంటరిగా వచ్చిన పెద్ద వయసు ఆర్కెస్ట్రా మనిషి మాత్రం నిజం చెప్పాడు: "భుజం లాగేస్తోంది అన్నా, మూడు గంటల ప్రోగ్రాం దీంతో నిలబడలేను."

బేస్‌ది కాని తప్పు

చూసినవాటిని మూడు రకాలుగా విడదీసుకున్నాను. దుకాణం వల్ల వచ్చినవి, పనిముట్లతో పోయేవి, పుట్టుకతో వచ్చి పోనివి. మొదటి రకంతోనే మొదలుపెట్టాను. ఖర్చు లేదు, బేస్‌ను ముట్టుకోనక్కరలేదు. అవి తీసేస్తే మిగిలినవాటి బరువు స్పష్టంగా తెలుస్తుంది.

ప్రీయాంప్ ఉన్న బేస్‌లో, అంటే యాక్టివ్ బేస్‌లో, సాధారణంగా బ్యాటరీకి వేరే స్విచ్ ఉండదు. కేబుల్ జాక్‌లో దూర్చగానే ప్రీయాంప్ వెలుగుతుంది, తీస్తేనే ఆగుతుంది. ఈ దుకాణంలో కేబుల్ పొద్దున పెడితే రాత్రి షట్టరు వేసేదాకా, కొన్నిసార్లు ఆ తర్వాత కూడా, అలాగే ఉంటోంది. మల్టీమీటరు పెట్టి చూస్తే 9 వోల్టుల బ్యాటరీ 6 లోపే చూపించింది. వోల్టేజి పడిపోయిన ప్రీయాంప్ మెల్లగా మీటినంతసేపూ బాగానే ఉంటుంది, గట్టిగా కొట్టిన స్వరాన్ని మాత్రం మోయలేక చితకగొడుతుంది. బేస్ పరీక్షించేవాళ్ళు కొట్టేది గట్టిగానే. "లోపల ఏదో లూజు ఉన్నట్టుంది" అన్నవాళ్ళందరూ విన్నది ఆ బ్యాటరీని.

రెండోది యాంప్. గిటార్ సాధనకు వాడే ఎనిమిది అంగుళాల స్పీకరు పెట్టె అది. గిటారులో అన్నిటికన్నా కింది స్వరం పలికే తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. బేస్‌లో ‘ఈ’ తీగ 41, ‘బి’ తీగ 31 హెర్ట్జ్ దగ్గర. ఆ చిన్న పెట్టె బి తీగ అసలు స్వరాన్ని పలికించలేదు. దానితో పాటు పుట్టే పై స్వరాలను, అంటే హార్మోనిక్‌లను, మాత్రం వినిపిస్తుంది. అదనంగా డబ్బు పెట్టేది ఏ తీగ కోసమో, ఆ తీగే దుకాణంలో వినిపించడం లేదు.

బేస్ యాంప్ తెప్పించమని చెప్పవచ్చు. చెప్పలేదు. దాన్నీ గోడ పక్కన పెట్టుకుని కూర్చోవాలి. పైగా ఇక్కడి చర్చిలలో, పందిళ్ళలో బేస్ సాధారణంగా డీఐ పెట్టెలోంచి (వాయిద్యాన్ని యాంప్ లేకుండా మిక్సరుకు కలిపే చిన్న పెట్టె) నేరుగా మిక్సరుకే వెళుతుంది. కొనేవాడు రేపు వినబోయే శబ్దం అదే. దుకాణంలో అమ్మకానికి ఉన్న పదిహేను అంగుళాల పవర్డ్ స్పీకరుకు చిన్న మిక్సరు తగిలించి బేస్‌ను దానికి కలిపాం. కొత్త బ్యాటరీ వేశాం. బేస్ దింపే కుర్రాడికి రెండు పనులు చెప్పాం: ఇచ్చే ముందు నాబ్‌లన్నీ మధ్యకు తేవడం, తీసుకున్నాక కేబుల్ పీకడం.

ఇంకేమీ మార్చకుండా కొన్ని వారాలు ఆగాను. యజమాని తొందరపెట్టినా ఆగడానికి కారణం ఉంది. శబ్దం ఒక్కటే అడ్డమైతే ఇక్కడితో అమ్ముడుపోవాలి. పోలేదు. "సౌండ్ బాగుంది" అన్నారు, మునుపటికన్నా ఎక్కువసేపు వాయించారు, మణికట్టు విదిలించుకుని ఇచ్చేశారు. లూజు ఉందన్న మాట మాత్రం మళ్ళీ వినపడలేదు.

బల్ల మీద

ఇప్పుడు సెటప్. ముందు మెడ. తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ మీద సందు చూస్తే 0.8 మిల్లీమీటర్లు దాటింది. ఏడాది పాటు తీగల బిగువుకు వేలాడి మెడ ముందుకు వంగింది, మెడ లోపల వంపును సరిచేసే ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీని ఎవరూ ముట్టుకోలేదు. కొంచెం బిగించి, ఒక రాత్రి వదిలి, మళ్ళీ చూసి బిగించి 0.3 దగ్గరకు తెచ్చాను. ఒకేసారి తిప్పేస్తే కొలత కుదిరినట్టే ఉంటుంది, మర్నాటికి చెక్క ఇంకొంచెం కదులుతుంది.

మెడ కుదిరాకే నట్ జోలికి వెళ్ళాను. వంపు మారితే తీగల ఎత్తంతా మారుతుంది కాబట్టి నట్‌ను ముందు కోసేస్తే మితిమీరిపోయే ప్రమాదం ఉంది. కోసింది తిరిగి రాదు. ఫ్యాక్టరీలో నట్ మీద తీగ కూర్చునే గాడులను కావాలనే ఎత్తుగా వదిలేస్తారు. ఎత్తుగా ఉంటే తీగ గరగరలాడదు, ఫిర్యాదు రాదు. నొక్కేవాడి వేలు ఫిర్యాదు చేస్తుంది గాని అది ఫ్యాక్టరీ దాకా వెళ్ళదు. నట్ ఆకురాయితో ఒక్కో గాడినీ దించాను. మెడ, నట్‌లతో పాటు బ్రిడ్జి దగ్గర ఎత్తు కూడా దించాక, పన్నెండో ఫ్రెట్ దగ్గర బి తీగ ఎత్తు 4 మిల్లీమీటర్ల నుంచి 2.5కు వచ్చింది. ఆ తర్వాత బ్రిడ్జి దగ్గర స్వరస్థానాలు సరిచేశాను.

మెడ వార్నిష్ విషయంలో కొంచెం తటపటాయించాను. మెరుపు తీసేస్తే అరచెయ్యి జారుతుంది, నిజమే. కానీ అమ్మకానికి ఉన్న సరుకు రూపం మార్చడమంటే వెనక్కు తీసుకోలేని పని, ఎవరైనా దాన్ని పాతదనుకోవచ్చు. యజమానికి ఆ మాటే చెప్పి, ఆయన సరేనన్నాక మెడ వెనక మాత్రమే సన్నని రాపిడి ప్యాడ్‌తో మెరుపు చంపాను. స్టీల్ ఊల్ వాడలేదు. దాని పొడి పికప్‌ల అయస్కాంతాలకు పట్టుకుంటే వదిలించడం నరకం. ఫ్రెట్ల చివరలు కూడా చేతికి గీరుకుంటున్నాయి, ఆకురాయితో గుండ్రం చేశాను.

దీని తర్వాత కూర్చుని చూసినవాళ్ళ మొహాలు మారాయి. గంటల తరబడి వాయించినవాళ్ళూ ఉన్నారు. అయినా నిలబడి చూసినవాళ్ళు కొనలేదు.

కుదరనివి

తల దిగడానికి కారణం ఆకారంలోనే ఉంది. స్ట్రాప్ తగిలించే పై కొమ్ము చివర దాదాపు పన్నెండో ఫ్రెట్ దాకా సాగితే బరువు సమంగా పడుతుంది. ఈ బేస్ కొమ్ము పదిహేనో ఫ్రెట్ దగ్గరే ఆగిపోయింది. 24 ఫ్రెట్లకూ చెయ్యి సులువుగా చేరాలని కోత లోతుగా పెట్టారు, చూపు కోసం కొమ్ము కురచ చేశారు. తల దగ్గర నాలుగు కాదు, ఐదు ఇనుప కీలు. అన్నీ కలిసి కిందికి లాగుతాయి.

వెనక వైపు గరుకు తోలున్న వెడల్పాటి స్ట్రాప్ మొదట వేసి చూశాం. నూలు చొక్కా మీద బాగానే పట్టుకుంది. ఆర్కెస్ట్రా వాళ్ళ యూనిఫాం జారుడు గుడ్డ కోటు. దాని మీద పట్టు లేదు. పైగా అది పడిపోవడాన్ని ఆపుతుంది గాని లాగే బరువు భుజం మీదే ఉంటుంది.

తోక వైపు 300 గ్రాముల సీసం తాత్కాలికంగా అంటించి చూశాను. మెడ సమంగా నిలిచింది. కానీ 4.8 కిలోలు 5.1 అయింది. మూడు గంటల ప్రోగ్రాం అన్న పెద్దాయన మాట గుర్తొచ్చి తీసేశాను.

తేలికపాటి ట్యూనింగ్ కీలు అసలైన మందు. బరువు మెడ కొసన ఉంటుంది కాబట్టి అక్కడ తగ్గే ప్రతి గ్రాము రెట్టింపు పని చేస్తుంది. ఐదు కీల ధర లెక్క వేస్తే యజమానికి మిగలబోయే లాభాన్ని దాటింది. కొనేవాడు ఎవరో, నిలబడి వాయిస్తాడో లేదో తెలియకుండా ఆ ఖర్చు పెట్టించడం నాకు సబబు అనిపించలేదు. కావాలంటే కొన్నాక వేసుకోవచ్చని వదిలేశాను.

మలుపు

తల దిగే బేస్‌ను కుడి తొడ మీద పెట్టుకుని కూర్చుంటే సమస్య చాలావరకు లేదు. ఇది నాకు బల్ల దగ్గర రోజూ కనిపిస్తున్నదే. అప్పుడు అడగవలసిన ప్రశ్న మారింది. దీన్ని అందరికీ నచ్చేలా ఎలా చేయాలన్నది కాదు, దీని మిగిలిన లోపాలు ఎవరికి లోపాలు కావు అన్నది. కూర్చుని వాయించేవాడు, తీగ చరిచి వాయించే స్లాప్ జోలికి వెళ్ళనివాడు, కింది స్వరాలు నిజంగా అవసరమైనవాడు. అలాంటివాడు కావాలి.

చర్చి బృందాలలో అలాంటివాళ్ళు ఉన్నారు. డ్రమ్స్ పక్కన స్టూలు వేసుకుని కూర్చునే వాయిస్తారు. పాట శ్రుతి సభ గొంతును బట్టి మారుతుంది. కీబోర్డు మనిషి ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి దాటేస్తాడు, బేస్ మనిషికి ఆ బటన్ లేదు. పాట ‘సి’ (C) లో ఉంటే నాలుగు తీగల బేస్‌లో ‘ఈ’ తీగ స్వరం కింద ఇంకేమీ లేదు, ఆధార స్వరాన్ని పైన వాయించుకోవలసిందే. బి తీగ ఉంటే మొదటి ఫ్రెట్‌లో 32.7 హెర్ట్జ్ సి, మూడో ఫ్రెట్‌లో డి దొరుకుతాయి. ఎడమ చేత్తో కీబోర్డు అప్పటికే ఇస్తున్న కింది స్వరాలివి. బేస్ గిటార్ అవి ఇవ్వలేకపోతే ఆ చెయ్యి ఎందుకు ఊరుకుంటుంది?

ఆ వాడకం తలుచుకుంటే ఒక లోపం మాత్రం అలాగే వదలడానికి వీలు లేదు. ఈ బేస్‌కు పాసివ్ స్విచ్, అంటే ప్రీయాంప్ లేకుండా వాయించుకునే స్విచ్, లేదు. బ్యాటరీ పోతే బేస్ పూర్తిగా మూగబోతుంది. బ్యాటరీ మార్చాలంటే వెనక మూతకు నాలుగు స్క్రూలు. ఆరాధన మధ్యలో స్క్రూడ్రైవరు ఎవరు తెస్తారు? మూత తీసి చూస్తే పికప్‌లు మామూలువే, వాల్యూమ్, బ్లెండ్ రెండూ ప్రీయాంప్‌కు ముందే ఉన్నాయి. అంటే ప్రీయాంప్‌ను దాటించి శబ్దాన్ని నేరుగా జాక్‌కు పంపవచ్చు. వాల్యూమ్ నాబ్ స్థానంలో పైకి లాగితే స్విచ్‌లా పనిచేసే పుష్-పుల్ పాట్ వేసి ఆ దారి ఇచ్చాను. చెక్కకు కొత్త రంధ్రం అక్కరలేదు, ఖర్చు బ్యాటరీ ధర కన్నా కొంచెం ఎక్కువ. 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే నాటినుంచి ప్రీయాంప్ బేస్‌లు జనానికి అలవాటే. ఇన్నేళ్ళ తర్వాత కూడా కొందరు తయారీదారులు ఈ చిన్న స్విచ్ దగ్గర పొదుపు చేయడం నాకు వింతగానే ఉంటుంది.

ధర చీటీ పక్కన ఇంకో చీటీ కట్టమన్నాను: బరువు, స్కేలు, తీగల మధ్య దూరం, బ్యాటరీ సంగతి. తల దిగుతుందన్న మాట కూడా రాద్దామన్నాను. "లోపాలు మనమే రాసుకుంటే ఎవరు కొంటారండీ?" అన్నారాయన. మెడలో వేసుకున్న మరుక్షణం ఎలాగూ తెలిసేదే. మనం చెప్పకుండా వాళ్ళకే తెలిస్తే, ఇంకేమి దాచారో అన్న అనుమానం బేస్ అంతటికీ పాకుతుంది. చివరికి కొలతలు చీటీ మీద, తల దిగే మాట నోటితో అని రాజీకి వచ్చాం.

కొన్నవారు గుంటూరు వైపు చర్చి బృందంలో వాయించే మనిషి. వెంట కీబోర్డు వాయించే స్నేహితుడు వచ్చాడు. అసలు పరీక్ష అతనిదే. మొదటి ఫ్రెట్ దగ్గర ఒక్కో స్వరం నొక్కించి కీబోర్డుతో పోల్చి చూశాడు. నట్ దించకముందు వచ్చి ఉంటే ఆ మాట అక్కడితో ముగిసేది. నిలబడితే తల దిగుతుందని ముందే చెప్పాం. "మేము స్టూలు మీదే కూర్చుంటాం బ్రదర్," అన్నాడు. బ్యాటరీ మధ్యలో పోతే ఎలా అని అడిగాడు. మూత విప్పి, బ్యాటరీ పీకి అతని చేతిలోనే పెట్టి, నాబ్ పైకి లాగి వాయించమన్నాను. శబ్దం కొంచెం తగ్గింది, ఆగలేదు.

ధర బేరం ఆ తర్వాత మొదలైంది. యజమాని అడ్వాన్సు తీసుకుని ఒక ఆదివారానికి బేస్ ఇచ్చి పంపారు. ఆ నిర్ణయం ఆయనదే, నాకు తట్టలేదు. తిరిగి వచ్చినప్పుడు రెండోసారి తగ్గించిన ధరకు కాకుండా మొదటి తగ్గింపు ధరకే ఇచ్చారు, అతను తీసుకున్నాడు. ఒక్క ఫిర్యాదు ఉంది: బి తీగ వదులుగా ఊగుతోందని. 34 అంగుళాల స్కేలు మీద సన్నని బి తీగకు అది మామూలే. 125 మందం తీగ తీసి (ఈ అంకెలు అంగుళంలో వెయ్యో వంతులు) 130 మందం వేసి, గాడి కొంచెం వెడల్పు చేసి, స్వరస్థానం మళ్ళీ సరిచేశాను.

తేలినవి, తేలనివి

ఒక్క అమ్మకంతో పెద్ద మాటలు చెప్పకూడదు. క్రిస్మస్ కార్యక్రమాలు దగ్గరపడుతున్న రోజులవి, అప్పుడు బేస్ కోసం తిరిగేవాళ్ళే ఎక్కువ. సెటప్ లేకుండా కూడా ఎవరో ఒకరు కొనేవారేమో, కాదనలేను. కానీ లూజు ఉందన్న మాట బ్యాటరీతో పోయిందనీ, మొదటి ఫ్రెట్ దగ్గర చిట్లింపులు నట్‌తో పోయాయనీ, మణికట్టు విదిలింపు మాత్రం దేనితోనూ పోలేదనీ ఒక్కొక్కటిగా మార్చినందువల్లే తెలిసింది. అన్నీ కలిపి ఒకేసారి చేసి ఉంటే ఈ విడదీత సాధ్యం కాదు.

యజమాని ఇప్పుడు సరుకు తెప్పించే ముందు సరఫరాదారును కొన్ని ప్రశ్నలు అడుగుతున్నారు. బరువు ఎంత? కొమ్ము ఏ ఫ్రెట్ దాకా వస్తుంది? పాసివ్ స్విచ్ ఉందా? బ్యాటరీ పెట్టె స్క్రూలు లేకుండా తెరుచుకుంటుందా? మెడ వెనక మెరుపా, మెరుపు లేని పూతా? మొదట్లో సరఫరాదారు ఫోనులో విసుక్కున్నాడట. స్ట్రాప్ వేసి చెయ్యి వదిలేసిన ఫోటో పంపమని అడిగితే ఇంకా విసుక్కున్నాడట. ఫోటో మాత్రం పంపాడు.

ఈ కేసులో నేను చూసి, పరిష్కరించకుండా వదిలేసింది ఒకటి ఉంది. కౌంటరు వెనక కూర్చున్న రోజుల్లో బేస్ నేర్చుకుంటున్న ఒక అమ్మాయి తల్లితో కలిసి వచ్చింది. ఐదు తీగలదే కాదు, నాలుగు తీగలవి కూడా ఆమె చేతికి అందలేదు. 1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ 34 అంగుళాలతో వచ్చినప్పటినుంచి అదే కొలత పాతుకుపోయింది. ఆ స్కేలు మీద మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్‌కు దాదాపు 13 సెంటీమీటర్లు. 30 అంగుళాల షార్ట్ స్కేలు మీద అది 11.4 మాత్రమే. చిన్న చేతికి ఆ తేడా చాలా ఎక్కువ. అలాంటిది ఒకటి తెప్పించమని చెప్పాను. దానికి తీగలు వేరుగా తెప్పించి నిల్వ పెట్టాలి, లాంగ్ స్కేలు తీగ వేస్తే మందపాటి భాగం ట్యూనింగ్ కీ కొయ్యకు చుట్టుకుని పాడవుతుంది, ఆ తంటా ఎవరు పడతారని ఆయన అడిగారు. ఆ లెక్క కూడా తప్పు కాదు. తీగల సెట్లు నేను నా దుకాణంలో ఉంచుతానని చెప్పాను. దసరా సరుకుతో చూద్దామన్నారు.